కాగితం నాది, మాటలు అత్తవి

హో పట్నం, బాలికల హాస్టలు
21 జనవరి 2018

డెలాలి అత్తకి,

ఇంట్లో అందరూ బాగా నిద్ర లేచారా? కోళ్లు, ఉల్లిమళ్లు, నీ మోకాలు, అన్నీ బాగా లేచాయా? నేను బాగానే లేచాను. ఇక్కడ గంట కొట్టి మరీ లేపుతారు కాబట్టి లేవకపోవడానికి వీల్లేదు.

ఈ టర్ములో మాకు కంప్యూటర్ పాఠానికి కొత్త మాస్టారు వచ్చారు. పేరు అగ్బెకో సార్. చాలా పొడుగు. గుమ్మం ఎంత ఎత్తుగా ఉన్నా అలవాటుగా తల వంచి దాటుతారు. వచ్చిన వారంలోనే మా క్లాసు పేరున ఒక బ్లాగు మొదలుపెట్టించారు. బ్లాగంటే నోటు పుస్తకంలాంటిదే అత్తా. కాకపోతే కంప్యూటర్లో ఉంటుంది, ఎక్కడివాళ్లయినా తెరిచి చదవొచ్చు, కింద వాళ్ల మాట కూడా రాయొచ్చు. ప్రతి శుక్రవారం ఒక గంట కంప్యూటర్ గదిలో కూర్చుని మేం నేర్చుకున్న సంగతులు అందులో రాయాలి. పాఠం మాకు ఎంత అర్థమైందో రాసేటప్పుడే బయటపడుతుందని సార్ నమ్మకం. నాకూ అదే నిజమనిపిస్తోంది.

మొదటి పని ఏమిచ్చారో తెలుసా? "ఈ గదిలో నీకు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి రాయి" అన్నారు. అందరూ పెన్నులు కొరుక్కుంటూ కూర్చున్నారు. నేను మాత్రం వెంటనే ఉల్లి అన్నాను. అన్‌లోగా నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కదా. తీరా రాయబోతే నాకు తెలిసింది ఎంతో అప్పుడు తెలిసింది. నీళ్లు మోయడం తెలుసు, కలుపు తీయడం తెలుసు. విత్తనపు గడ్డల్ని పొయ్యి మీద ఎందుకు వేలాడదీస్తావో, ఎప్పుడు దించుతావో తెలియదు. కాబట్టి నువ్వు అన్నీ వివరంగా రాయాలి.

సార్ రెండు నియమాలు పెట్టారు. సొంత మాటల్లో రాయాలి. వేరేవాళ్ల బొమ్మ గానీ మాట గానీ కావాలంటే వాళ్లని అడిగి, పేరు పెట్టి వాడుకోవాలి. దాన్ని కాపీరైట్ అంటారు. ఇంటర్నెట్లోంచి ఫోటోలు దించుకునేవాళ్లకి ఆ బాధ. నాకు నువ్వున్నావు.

హాస్టల్లో ఫోన్లు పెట్టుకోనివ్వరు కాబట్టి ఉత్తరమే గతి. సోమవారం బస్సు డ్రైవరు చేతికిచ్చినా సరే. షిటో కారం సీసా అడుగంటింది, కారం లేకుండా ఇక్కడి చిక్కుళ్లు మింగలేకపోతున్నాను.

నీ ఎసినామ్

* * *

అన్‌లోగా
3 ఫిబ్రవరి 2018

ఎసీ తల్లికి,

మేమంతా బాగా లేచాం. మోకాలు ఒక్కటే ఆలస్యంగా లేస్తోంది. షిటో పంపుతున్నాను, గదిలో అందరికీ పంచి రెండు రోజుల్లో ఖాళీ చెయ్యకు.

ఉల్లి గురించి పుస్తకంలో రాస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. అడిగావు కాబట్టి చెబుతున్నాను, నేర్చుకో.

పంట తీశాక గడ్డల్ని కడగకూడదు. ఆకు నడుం వంగేదాకా నీడలో ఆరనివ్వాలి. తరవాత ఆకుల్ని నీకు జడ వేసినట్టు అల్లి, పొయ్యి పైన దూలానికి వేలాడదీయాలి. పొగ తగలాలి గానీ సెగ తగలకూడదు. ఎంత ఎత్తులో అంటే, కింద నిలబడి చెయ్యెత్తితే వేళ్లకి వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. పొగ పట్టిన ఉల్లి నిద్రపోతుంది. నిద్రపోయేదాన్ని తొందరపడి లేపితే నేలలో పెట్టినా కళ్లు తెరవదు, చీకుతుంది. దానంతటది పచ్చగా ముక్కు బయటపెట్టిన రోజు దించు. ఆ రోజే నాటు, మర్నాటికి ఉంచకు. ఈ పద్ధతి నాకు నేనే కనిపెట్టుకున్నాను, ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

పక్క మడి కఫూయి అవ్వ సంగతి నీకు తెలుసుగా. బావి ఇద్దరిదీ, నీళ్ల మోటారు ఆవిడది. ఎండ నడినెత్తిన ఉండగా మడికి నీళ్లు కొడుతుంది. అందుకే ఆవిడ ఉల్లి నీళ్లతిత్తిలా ఉబ్బి, సంతకి చేరేలోగా సగం కుళ్లుతుంది. అరవై ఏళ్లు దాటిన మనిషికి చెప్పేదెవరు? ఇది నీ వరకే.

ఈ ఏడు ఎండుగాలి గట్టిగా ఉంది. పన్నెండు మళ్లు వేశాను. రోజుకి రెండుసార్లు తడపకపోతే ఇసుక పెనంలా కాలుతోంది. బుద్ధిగా చదువుకో.

మీ అత్త డెలాలి

* * *

హో పట్నం
19 ఫిబ్రవరి 2018

అత్తా,

కుశల ప్రశ్నలన్నీ రేపటికి. ముందు ఇది విను.

ఉల్లి గురించి బ్లాగులో పెట్టాను. సార్ దాన్ని క్లాసులో గట్టిగా చదివి, "ఇలా రాయాలి" అన్నారు. ఉల్లి నిద్రపోతుందన్నచోట అందరూ నవ్వారు, తరవాత చెవులు రిక్కించి విన్నారు. కింద నలభైమంది మెచ్చుకుంటూ రాశారు. ఈ ప్రాంతంలోని స్కూళ్లన్నీ కలిసి పెట్టే ప్రదర్శనకి మా స్కూలు తరఫున నాదే పంపుతున్నారు. నువ్వు పంపిన ఉత్తరం చాలా పనికొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఒక విత్తనాల కంపెనీ నా రాతని మొత్తం ఎత్తుకుపోయి తన వెబ్‌సైట్లో పెట్టుకుంది. ఒక్క ముక్క మార్చలేదు. నా పేరు లేదు, మా స్కూలు పేరు లేదు. కంపెనీ వాళ్లే మడిలో నిలబడి నేర్చుకున్నట్టు పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. పగటిపూట దొంగతనం కదా ఇది. సార్ వాళ్లకి ఉత్తరం రాద్దామన్నారు. అది నా సొంత రాత అని రుజువు కావాలి. ఎసినామ్ ఇది తనంతట తను రాసింది అని నువ్వొక కాగితం మీద రాసి, సంతకం చేసి, తొందరగా పంపు.

నేను వాళ్లని వదలను.

నీ ఎసినామ్

* * *

అన్‌లోగా
20 ఫిబ్రవరి 2018

ఎసినామ్,

నిన్న ఉల్లి శుభ్రం చేసే పాక కింద ఆడవాళ్లమంతా కూర్చున్నాం. వ్యవసాయాధికారి మావుసి వచ్చింది. మన అన్‌లోగా గురించి ఒక విత్తనాల కంపెనీ వాళ్లు బాగా రాశారంటూ ఫోన్లో చూసి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని మన ఎవే భాషలో చెప్పుకుంటూ పోయింది. ఉల్లి నిద్రపోతుంది అంది. పచ్చగా ముక్కు బయటపెట్టిన రోజు అంది. ఇంగ్లీషు దాకా వెళ్లి తిరిగొచ్చినా నా మాట నాకు తెలియదా?

నేను నోరు తెరిచేలోగా ఆ అమ్మాయి ఇంకో వాక్యం చదివింది. పక్క మడి అవ్వ ఎండవేళ నీళ్లు పెడుతుందని, ఆవిడ ఉల్లి సంతకి చేరేలోగా కుళ్లుతుందని. పాక కింద ఉన్న పదిహేనుమందీ కఫూయి అవ్వ వైపు తిరిగారు. ఆవిడ చేతిలోని ఉల్లి కింద పెట్టి, ఒడి దులుపుకుని వెళ్లిపోయింది. ఈ పొద్దున చూస్తే నా మళ్లకి వచ్చే గొట్టం విప్పేసి ఉంది.

నీ వరకే అని రాశాను. నువ్వు నా ఉత్తరాన్ని కంపెనీకి అమ్ముకున్నావా? వాళ్లేమిచ్చారు నీకు? అవసరమైతే నన్నడగొచ్చుగా. మీ నాన్న నిన్ను నాకు అప్పగించి తేమా ఓడరేవుకి వెళ్లిన రోజు నుంచి ఏది లేదన్నాను?

డెలాలి

* * *

అన్‌లోగా
26 ఫిబ్రవరి 2018

ఎసినామ్,

నీ 19వ తారీకు ఉత్తరం ఇప్పుడందింది. అమ్ముకోలేదని తెలిసింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ నువ్వు అడిగిన కాగితం రాయను. నువ్వు రాయనిది రాశావని సంతకం పెట్టలేను. దొంగలంటున్నావే, వాళ్లు నీ దగ్గర ఎత్తుకుపోయింది ఎవరి సొమ్ము?

బావి నుంచి అంత దూరం బిందెలతో మోస్తున్నాను. పన్నెండు మళ్లలో మూడు వదిలేశాను.

డెలాలి

* * *

హో పట్నం
5 మార్చి 2018

అత్తా,

నువ్వు తిట్టిన మొదటి ఉత్తరం అందినప్పుడు నాకు ఏడుపుకంటే ముందు కోపమే వచ్చింది. అది దాచను. అవ్వ పేరు తీసేశాను కదా, ఇంకేమిటి అనుకున్నాను. ఉత్తరం నాకు రాసింది కాబట్టి నాదే కదా అనుకున్నాను. పైగా ఎవేలో ఉన్నదాన్ని కూర్చుని ఇంగ్లీషులోకి మార్చింది నేను. ఒక శుక్రవారం గంటంతా పట్టింది. అంతా నా కష్టమే అనిపించింది.

నీ రెండో ఉత్తరం వచ్చేలోగా నేనే తెలివిగా ఒక పని చేశాను. కంపెనీ మీద రుజువు కోసం నీ ఫిబ్రవరి మూడో తారీకు ఉత్తరాన్ని పట్టుకెళ్లి అగ్బెకో సార్ ముందు పెట్టాను. వాళ్లు పెట్టిన తేదీ కంటే ఇది ముందుది సార్ అన్నాను, గర్వంగా. సార్‌ది కూడా మన పక్కనున్న కేతా వైపే, ఎవే చదువుతారు. ఒక పక్క ఉత్తరం, ఒక పక్క నా బ్లాగు అచ్చు పెట్టుకుని మెల్లగా చదివారు.

"ఇది ఎవరిది?" అన్నారు.

"నాదే సార్. మా అత్త నాకు రాసింది."

"కాగితం నీదే. దాచుకో, చింపుకో, నీ ఇష్టం. మాటలెవరివి?"

"ఇంగ్లీషులోకి నేనే మార్చాను సార్."

"భాష మారిందమ్మా. చెప్పిన మనిషి మారలేదు."

కాగితాలు రెండూ నా చేతికిచ్చారు. తిట్టి ఉంటే బాగుండేది. నా కుర్చీలో కూర్చుని రెండు కాగితాలూ మళ్లీ నేనే పోల్చుకున్నాను. నాది అని చెప్పుకోదగ్గ వాక్యం ఒక్కటే దొరికింది అత్తా, మొదటిది. "మా ఊరు సముద్రానికీ మడుగుకీ మధ్య ఉంటుంది" అన్నది. మిగతాదంతా నీ గొంతే. అది నాకు ముందు ఎందుకు వినపడలేదో తెలియదు. చిన్నప్పటి నుంచీ వింటున్న గొంతు కాబట్టి నాదే అనుకున్నానేమో.

ఆ వారమే దాన్ని బ్లాగులోంచి తీసేశాను. ప్రదర్శన జాబితాలోంచి నా పేరు కొట్టేయమని నేనే అడిగాను, కొట్టేశారు. శుక్రవారం క్లాసులో నిలబడి జరిగింది చెప్పాను. సార్ నన్ను బ్లాగు నుంచి తీసేస్తారనుకున్నాను. "నేర్చుకున్నది రాయడానికే కదా అది పెట్టింది. ఈ వారం ఇదే రాయి" అన్నారు. రాశాను. అది ఉల్లి గురించి రాసినదానికంటే చిన్నది. కానీ ప్రతి మాటా నాదే. కింద నలభైమంది రాలేదు, ఆరుగురు వచ్చారు. అందులో ఒకమ్మాయి, తను కూడా ఒక ఫోటో అడక్కుండా పెట్టానని, తీసేస్తున్నానని రాసింది.

కంపెనీకి సార్ నేనూ కలిసి ఉత్తరం రాశాం. ఈసారి నిజమే రాశాం. ఈ మాటలు అన్‌లోగాలో ఉల్లి పండించే డెలాలిగారివి, నేను ఆమెను అడక్కుండా వాడాను, మీరు మమ్మల్నెవర్నీ అడక్కుండా వాడారు, నా తప్పు నేను దిద్దుకున్నాను, మీది మీరు దిద్దుకోండి అని.

ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. ముందే అడగాల్సింది. నీ మాటలు నీ పేరుతో బ్లాగులో పెట్టనిస్తావా? వద్దంటే పెట్టను. వద్దన్నా నీ మీద అలగను.

కఫూయి అవ్వకి వేరే కాగితం మీద క్షమాపణ రాసి ఇందులోనే మడిచి పెట్టాను. నువ్వే చదివి వినిపించు. నా మూలాన పోయిన మళ్లకి ఏం చెయ్యాలో తెలియక సెలవుల్లో రోజుకి ఎన్ని బిందెలు మోయగలనో లెక్కపెట్టుకుంటున్నాను.

ఎసినామ్

* * *

అన్‌లోగా
14 మార్చి 2018

ఎసీ తల్లికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. క్లాసులో లేచి నిలబడ్డావన్నచోట ఆగి, మోకాలు నొప్పి కూడా మర్చిపోయి ఇంటి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాను. నేను పెంచిన పిల్లవి.

నీ క్షమాపణ కాగితం పట్టుకుని కఫూయి అవ్వ దగ్గరికి వెళ్లాను. వెళ్లేటప్పుడు నాక్కూడా ఒక ఫిర్యాదు ఉందని గుర్తుచేద్దామనుకున్నాను. నా మాటల్ని కూడా పేరు లేకుండా వాడుకున్నారు, నేనూ నష్టపోయాను అని. అవ్వ మడి గట్టున కూర్చుని కాగితం అంతా విన్నది. చిన్నపిల్ల, సరేలే అంది. తరవాత నేను నా గోడు మొదలుపెట్టాను. సగంలో ఆపింది.

"నీ పేరు పెట్టలేదని ఏడుస్తున్నావు. ఆ పొగ సంగతి నీకు చెప్పిందెవరే?"

ఎసీ, అప్పుడు గుర్తొచ్చింది. నేను ఈ ఊరు కోడలిగా వచ్చిన మొదటి ఏడు నా విత్తనమంతా బూజుపట్టి పోయింది. పెరట్లో కూర్చుని ఏడుస్తుంటే కంచె అవతల నుంచి ఒక మనిషి వచ్చింది. మా వంటపాకలో దూలం చూసింది, నా చెయ్యి పట్టుకుని పైకెత్తించింది, వేళ్లకి వెచ్చగా ఉందా అని అడిగింది. అది కఫూయి అవ్వే. ఉల్లి నిద్రపోతుందన్న మాట కూడా ఆవిడదే. ఇరవై రెండేళ్లుగా చెప్పీ చెప్పీ నా మాటే అయిపోయింది. నీకు రాసినప్పుడు నాకు నేనే కనిపెట్టుకున్నానని రాశాను చూడు, అప్పుడు అబద్ధం చెబుతున్నానని నాకే తెలియదు. నిన్ను తిట్టిన తిట్టు తిరిగి నా గుమ్మంలోకే వచ్చింది.

ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని ఒప్పుకున్నాను. ఆ ఎండవేళ నీళ్ల సంగతి కూడా అప్పుడే అడిగాను. ఇన్నేళ్లలో అడగాలని తోచలేదు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరుగుతుందిట, ఆకుల మీద ఉప్పు పేరుకుంటుందిట. ఆవిడ మడి సముద్రానికి అందరికంటే దగ్గర. ఆ ఉప్పు కడగడానికే పైపైన చల్లుతుందిట, మడి తడపడానికి కాదు. ఉల్లి కుళ్లడం నిరుటి వానల మూలాన, అదీ ఒక్క ఏడే. ఒక్క ఏడు చూసి నేను ఆవిడ మీద కథ అల్లాను.

నువ్వు అడిగినదానికి జవాబు. పెట్టు. పొగ పద్ధతి కఫూయి అవ్వది, ఆవిడ పేరు ముందు. జడ అల్లడం నాది, నా పేరు తరవాత. నడినెత్తి ఎండ మాట తీసేసి, ఉప్పు కడిగే మాట పెట్టు. అవ్వని అడిగాను, ఒప్పుకుంది. అయితే అచ్చయ్యాక తనకి చదివి వినిపించాలంది.

మోటారు గొట్టం ఇంకా కలపలేదు. నేనూ అడగలేదు. తొమ్మిది మళ్లూ చేతి నీళ్లతోనే నిలబెడుతున్నాను, నిలబడతాయి.

మీ అత్త

* * *

హో పట్నం
28 మార్చి 2018

అత్తా,

ఇంట్లో అందరూ బాగా లేచారా? అవ్వ బాగా లేచిందా? ఇకనుంచి ఆవిడని కూడా ఈ వరసలో చేర్చాను.

కొత్తది పెట్టాను. ఈసారి రెండు శుక్రవారాలు పట్టింది. నీ మాటలు, అవ్వ మాటలు విడిగా గుర్తులు పెట్టి, ఎవరివి ఏవో తెలిసేలా రాశాను. మధ్యలో నాకు అర్థమైంది నా మాటల్లో రాశాను. అలా రాస్తుంటే ఒక ప్రశ్న పుట్టింది. పొగ ఉల్లిని ఎందుకు నిద్రపుచ్చుతుంది? సైన్సు టీచరుని అడిగితే గాలిలో చెమ్మ గురించి, బూజు గురించి రెండు పుస్తకాలు తీసిచ్చారు. మొదటిసారి నీ ఉత్తరం దించి రాసినప్పుడు ఈ ప్రశ్న రానేలేదు.

ఇంటర్నెట్లో ఉల్లిమళ్ల ఫోటోలు బోలెడున్నాయి. ఏవి వాడుకోవచ్చో, ఏవి కూడదో వాటి కింద చూసి తెలుసుకోవడం సార్ నేర్పారు. వాడుకోమని ఇచ్చినవాటిలో మన పొయ్యిలాంటిది లేదు. అందుకని నేనే బొమ్మ గీసి పెట్టాను. దూలం కాస్త వంకరగా వచ్చింది. మన దూలం కూడా వంకరే కాబట్టి నష్టం లేదు.

ప్రదర్శనకి గడువు దాటిపోయింది. వేరే అమ్మాయిది వెళ్లింది, బాగుంది కూడా. నాకు బాధ లేదు అంటే అబద్ధం. కొంచెం ఉంది.

కంపెనీ జవాబిచ్చింది. ఇంటర్నెట్లో ఉన్నది కాబట్టి అందరిదీ అనుకున్నారట. క్షమించమని రాసి, పెట్టింది తీసేశారు. కొత్తదాన్ని మన ముగ్గురి పేర్లతో పెట్టుకోవచ్చా అని అడిగారు. అడిగారు చూశావా అత్తా, ఈసారి అడిగారు. సార్‌ని ఏం చెప్పమంటారని అడిగితే, "నా సొంతమా చెప్పడానికి? ఆ ఇద్దర్నీ అడుగు" అన్నారు. అచ్చు తీసిన కాగితం పంపుతున్నాను. చదివి వినిపించి, మీ ఇద్దరి మాట రాయి.

నీ ఎసినామ్

* * *

అన్‌లోగా
6 ఏప్రిల్ 2018

ఎసీ తల్లికి,

కాగితం అందిన రోజే పాక కింద చదివించాను. మావుసినే చదవమన్నాను, ఆ రోజు ఉన్న పదిహేనుమంది ముందే. అవ్వ పేరు వచ్చేసరికి ఆ అమ్మాయి ఆగింది. అవ్వ మొహంలో ఏమీ మారలేదు. "మళ్లీ చదువు, చెవి సరిగ్గా వినపడలేదు" అంది. ఆవిడ చెవి గద్ద చూపులాంటిది, మా అందరికీ తెలుసు. మూడుసార్లు చదివించుకుంది. నీ బొమ్మ చూసి, పొయ్యి బాగుంది గానీ పొగ తిన్నగా పోతోంది, పొగ ఎక్కడైనా తిన్నగా పోతుందా అంది.

కంపెనీ మాట ఇద్దరం కూర్చుని ఆలోచించాం. పెట్టుకోమను. పేర్లు మూడూ ఉండాలి, ఊరి పేరు ఉండాలి, మమ్మల్ని అడక్కుండా ఒక్క ముక్క కలపకూడదు, తీయకూడదు. ఇది అవ్వ షరతు. మావుసి చేత రాయించి ఆవిడ వేలిముద్ర, నా సంతకం వేసి పంపుతున్నాం.

మర్నాడు పొద్దున మడికి వెళ్లేసరికి గొట్టం కలిపి ఉంది. నీళ్లు అప్పటికే నా తొమ్మిదో మడి దాకా పాకాయి. అవ్వ తన మడిలో వంగి కలుపు తీసుకుంటోంది, నా వైపు చూడలేదు. ఒక తట్ట ఉల్లి ఆవిడ గట్టు మీద పెట్టి వచ్చాను.

నిన్న సాయంత్రం తనే కంచె దగ్గరికి వచ్చింది. మీ పిల్ల సెలవులకి ఎప్పుడొస్తుంది అంది. చెప్పాను. ఉల్లి గురించి తను చెప్పింది వేలెడంతే, చెప్పనిది ఇంకా బోలెడుందిట. గబ్బిలాల పెంట ఎప్పుడు వెయ్యాలి, మడుగులో నీళ్లు ఉప్పెక్కితే మడి ఎలా కాపాడుకోవాలి, వాళ్లమ్మ చెప్పినవి, వాళ్లమ్మమ్మ చెప్పినవి. అవి వినడానికి ఇప్పటిదాకా ఎవరూ రాలేదంది. లావుపాటి నోటు పుస్తకం తెచ్చుకోమంది. అయితే మొదటి రెండు రోజులు పుస్తకం ఇంట్లోనే పెట్టి, ఆవిడ మడికి నీళ్లు పొయ్యాలిట. చెయ్యి తడిసినవాళ్లకే చెబుతానంది. "మూడో రోజున కూర్చుందాం, నేను చెబుతాను, తను రాస్తుంది. ఏది రాయాలో, ఎక్కడ ఆపాలో మాత్రం నేనే చెబుతాను" అంది.

నేను కూడా పక్కన కూర్చోవచ్చా అని అడిగాను. సరే అంది.

బస్సు ఎక్కే ముందు చెప్పులు మర్చిపోకు, ఇసుక బాగా కాలుతోంది.

మీ అత్త డెలాలి